అయ్యూబ్ దుకాణంలో పడక

కదలొద్దు అనుకున్నకొద్దీ కాలి బొటనవేలు కదులుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది, దాని రెక్కల అంచుకు దూది పోగులు పట్టుకుని ఉన్నాయి, పడుకుంటే తప్ప కనబడవు, ఈ దుకాణం ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో, ఒక్కసారీ చూడలేదు. పట్టపగలు, నిజామాబాద్ బజారులో, పరుపుల దుకాణం నట్టనడుమ, గచ్చు మీద పరిచిన పరుపుల్లో నేను, నా పక్కన నర్సవ్వ. మనవలున్న మొగుడూపెళ్ళాలం, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా పక్కపక్కన వెల్లకిలా పడుకున్నాం. ఒకాయన గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి, చెప్పులు విడవాలా వద్దా అని తేల్చుకోలేక అట్లాగే వెళ్ళిపోయాడు. కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో మా బిడ్డ ఎస్తర్, ఒళ్ళో ఫోను, ఫోనులో గంట పెట్టింది. ఆ గంట సేపూ వాళ్ళమ్మ నేల మీద పడుకోవాలి. ఫోను మోగాక ఎవరి చెయ్యీ అందుకోకుండా, గోడా కుర్చీ పట్టకుండా, తనంతట తాను లేచి నిలబడాలి. నిలబడితే జాతరకు పోయి గుడారంలో ఉంటాం. నిలబడలేకపోతే కారులో ఒక పూట పోయి, కూర్చుని, వచ్చేస్తాం. అదీ ఒప్పందం. నేను పడుకోవలసిన పనే లేదు. ఒక్కదాన్నే బజారులో ఎట్ల పండుకుంట అన్నది, అందుకని పడుకున్నాను.

పోయిన ఏడు చందూరులో, మా ఇంటి ముందర, బట్టలారేసే తీగ కింద పడింది. చీర కొంగు అందుకోబోయి పడింది, చప్పుడు కూడా పెద్దగా కాలేదు, నేను లోపల చాయ్ తాగుతున్నాను, చీర జారిందేమో అనుకున్నాను. తుంటి ఎముక. లోపల రాడ్డు వేశారు. ఆ ఏడు జాతర మా ఇద్దరికీ ఆసుపత్రి గోడల నడుమ గడిచింది, ఆమె కళ్ళు మూసుకుని ఇప్పుడు పొయ్యి ముట్టించి ఉంటారు, ఇప్పుడు ప్రార్థనకు కూర్చుని ఉంటారు అని చెబుతుంటే నేను వింటూ కూర్చున్నాను. మొన్న డాక్టరు ఫోటో తీసి చూసి ఎముక బాగా అతికింది, నేల మీద పడుకోవచ్చు, లేచేటప్పుడే జాగ్రత్త అన్నాడు. నర్సవ్వకు మొదటి మాట వినబడింది, నర్సు పని చేసే ఎస్తర్‌కు రెండోది వినబడింది. ఇద్దరూ ఒక్క ఆసుపత్రి నుంచి ఒక్క ఆటోలో ఇంటికొచ్చారు, రెండు వేరు వేరు డాక్టర్ల దగ్గరికి పోయి వచ్చినట్టు.

మంచం తీసుకుపోతే అయిపోయేదిగా అంటారు ఎవరైనా. అయ్యూబ్ కూడా అన్నాడు, మడత మంచం చూపించబోయాడు. మా గుడారంలో మంచం ఎక్కదు. ఏటా చలికాలంలో మా మెథడిస్టు జాతర, వాగు పక్క మైదానంలో ఊరికొక గుడారం, చందూరు గుడారంలో పాస్టరైనా పాలేరైనా నేల మీదే. మా తాతల కాలంలో ఎవరో పెద్దాయన మంచం తెచ్చుకుంటే ఆడవాళ్ళు దాని మీద వంట గిన్నెలన్నీ బోర్లించి పెట్టారట, ఆయన ఏమీ అనకుండా గొంగడి పరచుకుని కింద పడుకున్నాడట. ఆ తరువాత ఎవరూ తేలేదు. ఆడవాళ్ళంతా ఒక వరస. నడిమి గుంజ పక్కన ఎవరు పడుకుంటారో వాళ్ళే తెల్లవారుజామున మొదటి పాట ఎత్తాలి, ఎత్తేదాకా ఎవరూ దుప్పటి తీయరు, మేలుకున్నా తీయరు. ఆ జాగా మా అత్తది, అత్త పోయాక నర్సవ్వది. ఎన్ని జాతరలు ఆమె గొంతుతో లేచానో. ఇంట్లో నోరు విప్పితే పాలు పొంగినయి, కోడి దూరింది అనే గొంతే అది, అక్కడ చలిలో, చీకటి విడవకముందు, మొదట కొంచెం బొంగురుగా వచ్చి, రెండో చరణానికి తేరుకునేది, అప్పుడు ఒక్కొక్కరే అందుకునేవాళ్ళు, గుడారం గుడ్డ కదిలేది. నేను పాడను. వింటాను.

ఈరవ్వ ఫోను చేయకపోతే ఇంత దాకా వచ్చేది కాదేమో. ఈరవ్వ మా గుడారానికి వంట పెద్ద, నర్సవ్వకు వదిన వరస, మంచి మనిషే, మాటే కొంచెం కారం. ఫోను పెద్దగా పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి నాకూ వినబడింది. "నువ్వు కుర్సీ తెచ్చుకొని కూసో వదినె. నీ జాగల మా దీవెనను పండవెడ్తం. పోరి గొంతు మంచిగుంటది." దీవెన ఈరవ్వ కొత్త కోడలు. నర్సవ్వ మంచిదే అన్నది, ఫోను పెట్టేసింది, బియ్యంలో రాళ్ళు ఏరింది, ఏరినవే మళ్ళీ ఏరింది. పొద్దు గూకేలోపల నా ముందుకు వచ్చి నిలబడి, నన్ను నేల మీద పండవెట్టు, సూద్దాం అన్నది. నేను అప్పుడే సరే అన్నాను, ఎస్తర్ ఏమంటుందో ఆలోచించకుండా.

అయ్యూబ్ నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని మా ఊరికి వచ్చేవాడు. విల్లు తీగ మోత వినబడితే ఏ ఇంట్లో పరుపు విప్పారో తెలిసేది, ఆ ఇంటి వాకిలంతా తెల్లగా ఎగిరేది, ముక్కులో చేరేది. ఎస్తర్ పుట్టినప్పుడు ఆమెకు మూరెడు బొంత కుట్టించింది ఆయన చేతనే. అయ్యూబ్ విల్లు పట్టలేదు, దుకాణం పెట్టాడు, స్పాంజి పరుపులు, ఇప్పుడు గుట్టలెక్కేవాళ్ళ పరుపులు కూడా పెడుతున్నాడు, డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదివేవాళ్ళు వచ్చి కొనుక్కుపోతారట. జాతర సంగతి చెబితే ఒక్కొక్కటే పరిచాడు. మొదట చుట్ట చుట్టిన నీలం చాప, రబ్బరుది, దాని మీద పడుకుంటే నేల నేలలాగే తగిలింది. తరువాత మూడు మడతల స్పాంజి, అది మెత్తగానే ఉంది, పడుకున్న కాసేపటికి నడుము దగ్గర దిగి, దిగి, ఇంక దిగడానికి ఏమీ లేక ఆగింది, ఎస్తర్ తల అడ్డంగా ఊపింది. చివరికి గాలి పరుపు తీశాడు, మడిస్తే చెంబంత, ఊదితే మనిషంత. కాలితో తొక్కే పంపు ఇచ్చాడు. పంపు కనబడగానే నేను ముందుకొచ్చాను, అది నాకు తెలిసిన పని అనుకున్నాను.

చెరుకు బండి తోలినవాడికి గాలి అంటే ఒక్కటే లెక్క. టైరు గట్టిగా ఉండాలి, గోటితో కొడితే డప్పులా మోగాలి, కొంచెం తగ్గినా మోపుల బరువుకు చక్రం దిగబడి ఎద్దుల మెడ మీద పడుతుంది. అట్లాగే తొక్కాను. అయ్యూబ్ చాలు కాకా అన్నాడు, నేను వినలేదు, మోగేదాకా తొక్కాను. నర్సవ్వ దాని మీద ఒరిగింది, అది ఆమెను తడి బండ మీద సబ్బును జార్చినట్టు జార్చి అవతల పడేసింది. పడింది మూడు మడతల స్పాంజి మీద కాబట్టి సరిపోయింది. ఎస్తర్ ఒక్క దూకు దూకి, చంకల కింద చేతులు వేసి లేపి, తుంటి తడిమింది. నేను పంపు మీద నుంచి కాలు తీశాను. నర్సవ్వ మటుకు నవ్వుతోంది. "నేనేమన్న చెరుకు మోపునా, గింత గట్టిగ కొట్టినవు." అయ్యూబ్ అటు తిరిగి నవ్వాడు. ఎస్తర్ నవ్వలేదు. చూసినవా బాపు, లేపితే గాని లేవలేదు అన్న మాట ఆమె అనలేదు గాని, లేపిన తన రెండు చేతులనూ చూసుకుంది, ఆ మాట నాకు వినబడింది. ఇంటికి పోదాం అన్నది. నర్సవ్వ అది లెక్కలోకి రాదు, అది మీ బాపు కొట్టిన గాలి, నేను పండుకున్నది కాదు అన్నది.

అప్పుడు తుకారాం గుర్తొచ్చాడు. ఎట్లా వచ్చాడో, ఎన్నేళ్ళయిందో తలుచుకుని. నాందేడ్ దిక్కు నుంచి చెరుకు కొట్టడానికి వచ్చేవాడు, పెళ్ళాంతో, కోడిపెట్టతో, చెరుకు తోటలోనే కాపురం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజులు, గేటు నుంచి రోడ్డు పొడుగునా బండ్లు, ముందు బండి కదిలితే మన బండి కదలాలి, లేకపోతే అక్కడే తిండి, అక్కడే పడక. మొలాసిస్ మడ్డి వాసన బట్టలకు పట్టి ఇంటికి కూడా వచ్చేది. ఒకసారి తుకారాం నా బండి మీద వచ్చాడు, బండి కింద చెరుకు ఆకు పరచుకుంటుంటే నన్ను ఆపాడు. అతనికి తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు, వచ్చినా మాట్లాడే మనిషిని కాను, అందుకే మా ఇద్దరికీ కుదిరింది. తన తుంటి మీద చరుచుకున్నాడు, నేల మీద చరిచాడు, కత్తి మొనతో అక్కడ రొట్టె పట్టేంత గుంట తీశాడు, దాని మీద ఆకు పరిచి పడుకోమన్నాడు. పక్కకు తిరిగి పడుకున్నాను. తుంటి గుంటలో కూర్చుంది, నడుముకు నేల వచ్చి ఆనింది. సైరన్ మోగినా మెలకువ రాలేదు, బండి కదిలే వేళకు ఎద్దు నాకితే లేచాను. ఇప్పుడు గొట్టంలో పొగ లేదు, అటు బస్సులో పోతుంటే జనం చూడను కూడా చూడరు. నేనూ చూడను, వాసన కోసం మటుకు ముక్కు దానంతట అదే వెతుకుతుంది.

నేలకు గుంట తీయలేను, ఇది అయ్యూబ్ గచ్చు. పరుపులో తీయవచ్చు. నీలం చాప కింద వేసి, గాలి పరుపు దాని మీద పెట్టి, నర్సవ్వను పడుకోబెట్టి, మూత కొంచెం తిప్పాను. గాలి సన్నగా పోయింది. ఆమె తుంటి మెల్లగా దిగింది. నేలకు తగులుతుందో లేదో చూడాలంటే పరుపు కింద చెయ్యి పెట్టి చూడటమే దారి, పెట్టాను. మా పెళ్ళయిన నాటి నుంచి నలుగురిలో నేను ఆమె నడుము దగ్గర చెయ్యి పెట్టింది లేదు. అయ్యూబ్‌కు అప్పుడే అలమరలో ఏదో సర్దే పని వచ్చింది. నా అరచేతి మీద ఆమె బరువు వచ్చి ఆగింది, నలగలేదు, చెయ్యి బయటికి వచ్చింది. మూత బిగించాను. ఎట్లున్నది అని అడిగాను. ఆమె తుంటిని అటూ ఇటూ కదిపి చూసుకుంది. తరువాత, ఏమీ తెలుస్తలేదు అన్నది. ఏడాదిగా ప్రతి రాత్రీ అటు తిరిగితే ఒక నొప్పి, ఇటు తిరిగితే ఒక నొప్పి లెక్కబెట్టిన మనిషి. ఏమీ తెలియకపోవడం కంటే మంచి పరుపు లోకంలో ఉండదు. ఇదే అన్నాను అయ్యూబ్‌తో, అతను అట్లాంటిదే ఇంకొకటి ఊది పక్కన నాకూ పరిచాడు. అప్పుడు ఎస్తర్ గంట పెట్టింది.

ఆ గంటే ఇది. ఎంత పోయిందో తెలియదు, అడిగితే బాగుండదు. గుడారం అంటే మా పెళ్ళయిన కొత్తలో చక్కెర సంచులు విప్పి కుట్టింది, ఎంత ఉతికినా చీమలు వదల్లేదు, మా ఊరి వాళ్ళను జాతరలో చీమల గుడారం వాళ్ళు అనేవాళ్ళు. కింద వరిగడ్డి, గడ్డి మీద బొంతలు. తెల్లవారి వాగుకు మొహాలు కడుక్కోబోతుంటే ప్రతి వాళ్ళ చెంప మీదా గడ్డి గీతలు, ఎవరిది ఏ చెంపో చూసి రాత్రి ఎటు తిరిగి పడుకున్నారో చెప్పుకుని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నర్సవ్వకు ఎప్పుడూ కుడి చెంపే, గుంజ దిక్కు. ఇప్పుడు గడ్డి తక్కువ, గుడారం కిరాయిది, మనుషులు మటుకు వాళ్ళే, కొందరు తగ్గారు. మెడ తిప్పకుండా కంటి కొసతో చూస్తే ఆమె చెవి కనబడుతోంది, కమ్మ బరువుకు సాగిన తూటు, చెంప మీద ఇప్పుడు గీతలు వేరే. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, మొదటి పాట చరణమో. ఆ పెదవులు ఆగి, పైకప్పుతో చెప్పినట్టు మెల్లగా అన్నాయి: "ఇగో, లేసేటప్పుడు నా దిక్కు సూడకు. సూస్తే చెయ్యి ఇస్తవు."

నిజమే. ఇస్తాను. నేను మాటలు ఇచ్చిన మనిషిని కాను, ఇచ్చింది చెయ్యే. వాగు దాటేటప్పుడు, బండి మీదికి ఎక్కించేటప్పుడు, ఎస్తర్ పుట్టిన రోజు మంత్రసాని బయటికి పొమ్మన్నా తలుపు సందులో నుంచి. ఈ ఏడాది అయితే నా చెయ్యే ఆమెకు గోడ, మంచం దగ్గర నుంచి వాకిలి దాకా, వాకిలి దగ్గర నుంచి చర్చి దాకా. నాకు అది అలవాటైపోయింది. ఆమెకు కాలేదు. అందుకని ఎడమ చేతిని నా నడుము కిందికి తోసి, దాని మీద నా బరువంతా వేసి పడుకున్నాను. పిచ్చి చెయ్యి, కట్టేసిన దూడలా లాగుతూనే ఉంది, తరువాత మొద్దుబారింది, తరువాత ఉందో లేదో తెలియలేదు.

ఫోను మోగింది. ఎస్తర్ ఆపి, అవ్వ, అయింది, తొందర లేదు అన్నది. గొంతు నర్సు గొంతు. నర్సవ్వ మంచి కాలు మడిచింది. మంచి వైపుకు ఒరిగింది. మోచెయ్యి ఊని లేవబోయింది, మోచెయ్యి దిగబడింది. అరచెయ్యి ఊనింది, అదీ దిగబడింది, పడుకోవడానికి అంత హాయిగా ఉన్న పరుపు లేవడానికి బురదైంది, గాలి ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పోయి ఆమెను మళ్ళీ వెల్లకిలా తిప్పింది. ఇంకోసారి. మళ్ళీ అంతే. ఆమె ఊపిరి పెద్దదైంది. నేను ఫ్యాను చూస్తున్నాను, దూది పోగులు చూస్తున్నాను. కుర్చీ కాళ్ళు గచ్చు మీద కీచుమన్నాయి, ఎస్తర్ లేచింది. కూసో అన్నది నర్సవ్వ. ఎస్తర్ కూర్చోలేదు, ముందుకూ రాలేదు. గుమ్మంలో ఎవరో గిరాకీ వస్తుంటే అయ్యూబ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అయిపోయింది అనుకున్నాను. కారులో పోయి, కుర్చీలో కూర్చుని, దీవెన పాట పగటి పూట మెచ్చుకుని రావడమే అనుకున్నాను.

అప్పుడు ఆమె వేళ్ళు తల పక్కన పరుపు అంచు మీద నడిచాయి. మూత దొరికింది. తిప్పి లాగేసింది. పెద్ద నిట్టూర్పులా గాలంతా బయటికి వచ్చింది, నా చెవి వెంట్రుకలు ఎగిరాయి.

"అవ్వ, గాలి పోతున్నది."

"పోనీయి. పండుకునుడు అయిపోయింది. ఇప్పుడు నాకు నేల కావాలె."

చూడొద్దన్నది. చూశాను. పరుపు ఆమె కింద చల్లారిన రొట్టెలా అణిగింది, ఆమె దిగి, దిగి, నీలం చాప మీద, గచ్చు మీద నిలిచింది. మళ్ళీ మంచి వైపుకు ఒరిగింది. ఈసారి మోచెయ్యి టక్కున తగిలింది. ఆ చప్పుడు నాకు పాటలా వినబడింది. అరచెయ్యి ఆనింది. ఇంకో అరచెయ్యి ఆనింది. నడుము లేచింది, ఒక మోకాలు వచ్చింది, రాడ్డున్న కాలు మెల్లగా, అడిగి అడిగి వచ్చినట్టు వచ్చింది, ఆమె మోకాళ్ళ మీద ఉంది. పడ్డ నాటి నుంచి చర్చిలో ఆఖరి వరసలో కుర్చీ మీద కూర్చుంటున్న మనిషి, అందరూ మోకరిస్తుంటే ఒక్కతే తల మటుకు వంచుకుని సిగ్గుపడ్డ మనిషి, అయ్యూబ్ దుకాణంలో మోకాళ్ళ మీద ఉంది. అక్కడ ఆగింది. ఎస్తర్ తల వంచుకుంది. నేనూ పడుకునే కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో ఎవరూ చూసుకోలేదు. తరువాత ఆమె మంచి కాలి పాదం నేల మీద నాటింది, రెండు చేతులూ తొడ మీద పెట్టింది, ఒళ్ళు వణికింది, చీర కుచ్చిళ్ళు వణికాయి, నా మొద్దుబారిన చెయ్యి నా కింద కొట్టుకుంది, ఆమె లేచింది. లేస్తూనే ఉంది. నేల మీద నుంచి ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. ఇంత పొడుగు మనిషా. పాదాలు నా చెవి పక్కన, తల ఎక్కడో ఫ్యాను దగ్గర, ఆ గాలికి తెల్ల వెంట్రుకలు లేచి ఆడుతున్నాయి.

ఎస్తర్ వచ్చి తుంటి మీద చెయ్యి వేసి నొస్తుందా అని అడిగింది. నొయ్యక ఏంజేస్తది అన్నది నర్సవ్వ, నిలవడ్డన లేదా చెప్పు. నిలబడ్డవు అన్నది ఎస్తర్, ఈసారి గొంతు నర్సుది కాదు, బిడ్డది. కింద చాప, పైన గాలి పరుపు, రెండు జతలు కట్టమని అయ్యూబ్‌కు చెప్పి, కాసేపాగి, మూడు కట్టు అన్నది, నేను గూడ లీవు వెడ్త. అయ్యూబ్ తాడు వెతుక్కున్నాడు.

నర్సవ్వ అప్పటికే ఫోను ఇటు తే అంటోంది. ఈరవ్వకు కలిపించింది. క్షేమాలు అడిగింది, వంటకు కట్టెలు దొరికాయా అని అడిగింది, ఇంక పెట్టేస్తుందేమో అనుకున్నప్పుడు, "దీవెనను నా అవతల పక్క పండవెట్టు. రెండో చరణం అందుకుంటది" అన్నది. అవతల ఈరవ్వ ఏమన్నదో, ఈమె ఫోను చెవికి అదిమి పెట్టుకుని ఒక్కతే విన్నది, విని, నవ్వింది.

ఆ నవ్వుతోనే కిందికి చూసింది. నేను ఇంకా అక్కడే ఉన్నాను. చెయ్యి నా కింద చచ్చిపడి ఉంది, నడుము పట్టేసింది, కాలు మడవబోతే ముడుచుకోలేదు, అందరూ నన్ను మరిచిపోయారు. ఆమె చెయ్యి అందిస్తుందేమో అనుకుని చూశాను. నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడింది.

"ఎస్తర్, మీ బాపుకు గూడ గంట పెట్టు బిడ్డా. లేస్తడో లేడో సూద్దాం."

ఎస్తర్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అయ్యూబ్ తాడు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు, ఆపిన గిరాకీ కూడా లోపలికి వచ్చాడు. బతికి ఉన్న చేత్తో నా తల పక్కన పరుపు మూత కోసం వెతుక్కుంటున్నాను.